రేపటికి జరిపిన పుట్టినరోజు

మైకు ముందుకు వెళ్లే ముందు ఆమె గాజులు తీసి సొరుగులో పెడుతుంది. చేరిన కొత్తలో ఒకసారి గాజుల చప్పుడు ప్రసారమైపోయి, ఒక మహారాజుగారి మరణం వెనకాల ఎవరో గిన్నెలు కడుగుతున్నట్టు వినిపించింది. అప్పటి నుంచీ ఈ అలవాటు. కాగితాలు విడివిడిగా బల్లమీద పరుచుకుంటుంది. తిప్పితే చప్పుడవుతుంది కాబట్టి తిప్పదు, మెల్లగా పక్కకి జరుపుతుంది. ఊపిరి తీసుకోవలసిన చోట పెన్సిలు గీత పెట్టుకుంటుంది. పుట్టినవాళ్ల పేర్లు చదివేటప్పుడు కాస్త నవ్వుమొహం పెడుతుంది. నవ్వు కనపడకపోయినా వినపడుతుందని ఆమె నమ్మకం. పోయినవాళ్ల దగ్గరికి వచ్చేసరికి గడ్డం కిందికి దించుతుంది. గొంతు దానంతటదే బరువెక్కుతుంది.

కార్యక్రమం పేరు 'ఈ రోజు'. చరిత్రలో ఈ తేదీన పుట్టిన గొప్పవాళ్లు, ఇదే తేదీన పోయిన గొప్పవాళ్లు, మధ్యలో కాసేపు వేణువు. పొద్దున్నే జనం పళ్లు తోముకుంటూ, జడలు వేసుకుంటూ, చొక్కాలు ఇస్త్రీ చేసుకుంటూ వింటారు. వీధిలో ఆమెని రేడియో కోడలు అంటారు. ఆ పేరు పెట్టింది అత్తగారు కాదు గానీ, ఎవరైనా అంటే ఆవిడ కాదనదు.

ఆ పొద్దున పుట్టినవాళ్లలో ఒక వంతెనల ఇంజినీరు ఉన్నాడు. చదవడం అయ్యాక, అద్దం అవతల మీటల దగ్గర కూర్చునే నెరిసిన జుట్టాయన బొటనవేలు ఎత్తి చూపించాడు. ఆయన్ని స్టేషనంతా సౌండన్నయ్య అంటుంది.

"ఇంజినీరుగారిని బాగా పుట్టించావు చెల్లెమ్మా," అన్నాడు బయటికొచ్చాక. "ఆ రంగస్థల నటిని మాత్రం కొంచెం తొందరగా పంపించేశావు."

"టైము లేదన్నయ్యా. మీ వేణువే సగం తినేసింది."

ఇది రోజూ ఉండే పరాచికమే. రోజూ ఉండనిది తర్వాత వచ్చింది. ఒక ముసలావిడ గొడుగు ఊపుకుంటూ, మెట్ల దగ్గర ఎవరినీ అడక్కుండా, నేరుగా ఆమె గదిలోకి వచ్చి కూర్చుంది.

"పొద్దున చదివింది మీరేనా అమ్మా?"

"నేనేనండి."

"గొంతు బాగుంది. తేదీ తప్పు. ఆ వంతెనల ఇంజినీరు మా నాన్న. ఆయన ఇవాళ పుట్టలేదు, నిన్న పుట్టాడు."

ఆమె లేచి బీరువాలోంచి ఆ తేదీ కవరు తీసింది. పాత పత్రికల్లోంచి కత్తిరించి పెట్టుకున్న ముక్కలు అందులో ఉంటాయి. అన్నిట్లోనూ ఇవాళే అని ఉంది. ముసలావిడ వాటివైపు చూడను కూడా చూడలేదు.

"అలాగే రాస్తారు. బళ్లో వేసే రోజున మా తాత ఒకరోజు అటుగా చెప్పాడు, మాస్టారు రాసుకున్నాడు. నాన్న పెద్దవాడయ్యాక లోకమంతా బడి తేదీనే పట్టుకుంది. ఆయన మాత్రం బతికున్నన్నాళ్లూ అసలు రోజే చేసుకున్నాడు. ఇవాళ ఎవరైనా శుభాకాంక్షలు చెప్తే, నిన్న రాకపోయారా అనేవాడు."

డైరెక్టరుగారు అటుగా వెళ్తూ తలుపులో ఆగాడు. ఆయనకి ప్రతి గొడవా టీ చల్లారకముందే తేలిపోవాలి. "ఒక్కరోజే కదండీ తేడా," అన్నాడు. "అదీ ఎప్పటి మాటో."

ముసలావిడ కోప్పడలేదు. గొడుగు ఒళ్లో అడ్డంగా పెట్టుకుంది. "ఏడాదిలో మిగతా రోజులన్నీ అందరివీనండి. మనిషికంటూ సొంతంగా ఉండేది ఆ ఒక్కరోజే. దాన్ని కూడా లాగి పక్కరోజులో పెడితే ఇంక వాడికేం మిగిలింది?"

డైరెక్టరుగారు టీకి వెళ్లిపోయాడు. ఆమెకి మాత్రం చెంప ఛెళ్లుమంది. ఎందుకంటే ఆమె కూతురి పుట్టినరోజు కూడా అలాగే పక్కకి జరిపిందే. పిల్ల పుట్టింది ఎల్లుండి తేదీన. ఇంట్లో చేసేది, బళ్లో రాయించింది, పిల్లకి చెప్పింది ఆ మర్నాటి తేదీ. కారణం ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. ఎల్లుండి ఆమె బావగారు పోయిన రోజు. ఆయన పొద్దున పోయాడు, పిల్ల సాయంత్రం పుట్టింది, ఒకే ఏడాది, ఒకే తేదీ. పెద్దకొడుకు పోయిన రోజున మనవరాలి పండగ చేస్తే అత్తగారి ప్రాణం ఒప్పుకోదని రోజు పక్కకి జరిగింది. ఎవరు జరిపారో ఆమె ఎన్నడూ అడగలేదు. అడగక్కర్లేదనుకుంది. ఆ ఇంట్లో అత్తగారి మాట లేకుండా కుర్చీ కూడా జరగదు.

ఎవరో మహానుభావుడి పుట్టుక తేదీలో అనుమానం వస్తే ఊళ్లో ఉన్న గ్రంథాలయాలన్నిటికీ ఫోన్లు చేసే మనిషి తను. కన్న కూతురి తేదీ తప్పని తెలిసి, ఏటా ఆ తప్పు రోజునే కొవ్వొత్తులు వెలిగిస్తోంది.

"రేపు పొద్దున తప్పు సరిచేసి చదువుతానండి," అంది ముసలావిడతో.

"మంచిదమ్మా. క్షమించండి అని దీర్ఘాలు తియ్యకు. తేదీ చెప్పు చాలు." గొడుగు ఊపుకుంటూ వెళ్లిపోయింది.

ఏటా ఎల్లుండి తేదీకి ఆమె సెలవు పెడుతుంది. ఈసారి డైరెక్టరుగారు ఇవ్వలేదు. ఆమె బదులు చదివే ఆయనకి గొంతు పోయి, సైగలతో మాట్లాడుతున్నాడట. "చదివేసి వెళ్లిపోండి, పొద్దున్నే అయిపోతుంది కదా," అన్నాడు. ఆమె సరేనంది. సెలవు కోసం వాదించే ఓపిక ఆ క్షణంలో లేదు. ఇంట్లో వాదించడానికి దాచుకోవాలి.

*

ఇంటికొచ్చేసరికి అత్తగారు కిటికీ పక్క కుర్చీలో కాజాలు కుడుతోంది. దర్జీ దుకాణం నుంచి చొక్కాలు కట్టలుగా వస్తాయి. గుండీ పట్టే చీలిక చుట్టూ దారంతో అంచు కట్టి పంపుతుంది. మిషను మీద కుట్టే కాజాలంటే ఆవిడకి ఒళ్లుమంట. మిషను కాజా చూడ్డానికే, చేతి కాజా బతకడానికి అంటుంది. రేడియో చేతికందే దూరంలో ఉంటుంది. అందుకని కోడలి చదువుకి మొదటి తీర్పు రోజూ ఇక్కడే.

"ఇవాళ రెండో పేరు మింగేశావు."

"అవునత్తయ్యా. ఊపిరి అందలేదు."

"పుట్టినవాళ్ల దగ్గర ఊపిరంతా ఖర్చుపెట్టేస్తావు. పోయినవాళ్లకీ కొంచెం ఉంచు."

ఈ మాట ఆవిడ మామూలుగానే అంది. ఆమెకి మాత్రం ఇంకో రకంగా తగిలింది. ఆవిడ ఎదురుగా గోడమీద బావగారి ఫొటో ఉంది. ఆయన నవ్వబోతూ ఉండగా తీసింది, పూర్తిగా నవ్వలేదు. ఫొటో కింద, చొక్కాల కట్టమీద, ఒక పసుపుపచ్చ గౌను సగం కుట్టి ఉంది. ఏటా పిల్ల పుట్టినరోజుకి గౌను అత్తగారే కుడుతుంది.

చిట్టి నేలమీద బోర్లా పడుకుని బొమ్మ గీస్తోంది. బొమ్మలో ఒక పిల్ల, పిల్లకంటే పెద్ద గంట. వాళ్ల బళ్లో పుట్టినరోజు ఎవరిదైతే పొద్దుటి మొదటి గంట వాళ్లే కొడతారు. ఏడాదంతా చిట్టికి ఆ గంటమీదే కన్ను.

"అమ్మా, నువ్వు రేడియోలో ఒకే రోజు పుట్టినవాళ్లనీ చదువుతావు, పోయినవాళ్లనీ చదువుతావు కదా."

"ఊఁ."

"వాళ్లందరికీ అదే రోజు కావాలి కదా. దెబ్బలాడుకోరా?"

సూది ఆగింది. ఆమె అత్తగారివైపు చూడలేదు. అత్తగారు ఆమెవైపు చూడలేదు.

"గంటకి తాడు గియ్యలేదు," అంది అత్తగారు పిల్లతో. "తాడు లేకుండా ఎలా కొడతావు?"

రాత్రి భోజనాలయ్యాక భర్త వరండాలో కూర్చుని గ్రీజు మరకలున్న వేళ్లు కిరసనాయిల్ గుడ్డతో తుడుచుకుంటున్నాడు. ఆయన లిఫ్టు మెకానిక్కు. ఆమె పక్కన కూర్చుని సూటిగా చెప్పేసింది. ఈ ఏడు చిట్టి పుట్టినరోజు అసలు రోజునే చేద్దాం.

ఆయన గుడ్డ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "ఎల్లుండా? చుట్టాలొస్తారు. పిన్ని వస్తుంది. అన్నయ్య రోజు కదా."

"అన్నయ్య రోజే. చిట్టి రోజు కూడా."

"అమ్మకి ఎవరు చెప్తారు?"

"మీరు చెప్పండి. మీ అమ్మే కదా."

"నేను లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లని బయటికి లాగుతానే. మా అమ్మ ముందు నన్నెవరు లాగుతారు?" అని నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఆయన నవ్వు ఆపేసి, వేళ్ల సందులు మళ్లీ మొదటినుంచి తుడవడం మొదలుపెట్టాడు. "ఇన్నేళ్లు సాఫీగా పోతోంది. ఇప్పుడెందుకు కెలకడం?"

సాఫీగా పోతున్నది ఎవరికని అడగాలనుకుంది. తేలు కుట్టిన దొంగలా ఆయన ఎందుకలా ముడుచుకున్నాడో అప్పుడే అడిగి ఉంటే ఆ రాత్రే అంతా తేలిపోయేది. కానీ ఆమె ధ్యాసంతా అత్తగారి మీద ఉంది.

*

మర్నాడు తప్పు సరిచేసి చదివింది. వంతెనల ఇంజినీరు పుట్టింది ఫలానా రోజు, మేము ఒకరోజు ఆలస్యంగా చెప్పాం, అంతే. దీర్ఘాలు తియ్యలేదు. ఇంటికొస్తే అత్తగారు, "తప్పు ఒప్పుకునేటప్పుడే నీ గొంతు బాగుంది," అంది. కోడలికి ఇంత మెప్పు ఏడాదికొకసారి దొరకడం గొప్ప.

ఇదే అదను అనుకుంది. "అత్తయ్యా, రేపు..." అని మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే గేటు చప్పుడైంది. అత్తగారి చెల్లెలు, నిన్న రాత్రి భర్త వస్తుందని చెప్పిన పిన్ని, ఒకరోజు ముందే దిగింది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. వస్తూనే అక్క భుజం పట్టుకుని కళ్లొత్తుకుంది, ఫొటోకి దణ్ణం పెట్టింది, టీలో పంచదార తక్కువైందంది. ఆ వరసలోనే, లోపలినుంచి పాడుకుంటూ వస్తున్న చిట్టిని చూసి పెదాలమీద వేలు పెట్టింది.

"ఇవాళా రేపూ పాటలు పాడకూడదమ్మా. రేపు మీ పెదనాన్న పోయిన రోజు. ఎల్లుండి పాడుకుందువు గాని."

చిట్టి పాట ఆపేసింది. ఏడవలేదు, అలగలేదు, ఎందుకని అడగలేదు. గొంతులోనే పాట మింగేసి, గోడ వారగా నడుచుకుంటూ వెళ్లిపోయింది. ఆ పిల్లకి అది అలవాటైపోయింది. ఏటా ఈ రెండురోజులూ గోడ వారగానే నడుస్తుంది.

పిల్ల అరిచి ఏడ్చినా ఆమెకి ఇంత బాధనిపించేది కాదు. వంటగదిలోకి పోయి కుళాయి తిప్పి, కడిగిన గ్లాసులే మళ్లీ కడిగింది. అత్తగారు పిన్నిని ఒక్కమాటైనా అనలేదన్నది ఆమె గమనించింది. సూదిలో దారం ఎక్కిస్తూ, గుచ్చలేక ఆవిడ చెయ్యి పదేపదే తప్పడం మాత్రం గమనించలేదు.

ఆ సాయంత్రమంతా ఇల్లు చుట్టాలతో నిండింది. అత్తగారితో ఒంటరిగా మాట్లాడే వీలు చిక్కలేదు. నిజం చెప్పాలంటే ఒకసారి చిక్కింది. పెరట్లో బట్టలు తీస్తున్నప్పుడు ఇద్దరే ఉన్నారు. దుప్పటి చెరో కొస పట్టుకుని మడతపెట్టారు. కొసలు కలిసేటప్పుడు వేళ్లు కూడా తగిలాయి. ఆమె నోరు పెగల్లేదు. అత్తగారు కూడా ఏదో అనబోయి, "తడి ఇంకా ఆరలేదు," అని ఊరుకుంది.

పడుకునే ముందు ఆమె నిర్ణయించేసుకుంది. రేపు చెప్పి తీరాలి. నిండా మునిగాక చలేమిటి?

*

పొద్దున్నే స్టేషను వ్యాను వీధి చివర హారను కొట్టింది. అప్పటికి ఆమె చిట్టిని లేపి, మంచంమీదే కూర్చోబెట్టి, రెండు చేతులూ పట్టుకుని ఉంది.

"చిట్టీ, నీ పుట్టినరోజు రేపు కాదు. ఇవాళ."

చిట్టి నిద్రమొహంతో ఆలోచించింది. "అయితే నేను ఇప్పటికే పెద్దదాన్నయిపోయానా?"

"అయిపోయావు."

"మరి గంట?"

గంట సంగతి ఆమె ఆలోచించలేదు. బళ్లో తేదీ వేరే ఉంది. హారను మళ్లీ మోగింది. లేచి హాల్లోకి వచ్చింది. అత్తగారు అప్పటికే స్నానం చేసి, ఫొటోకి కొత్త పూలు పెడుతోంది. పిన్ని కుర్చీలో కునుకుతోంది. భర్త చెప్పులు వెతుక్కుంటున్నాడు.

"అత్తయ్యా." తను మైకు ముందు వాడే గొంతే వచ్చింది, అదీ మంచిదే అయింది. "ఇవాళ చిట్టి పుట్టినరోజు. రేపటిది అబద్ధం. బావగారి రోజంటే నాకూ బాధే, నాకూ గౌరవమే. కానీ ఇక నా పిల్ల రోజు రేపటికి జరపను. మీరేమనుకున్నా సరే. మీకు కష్టమైతే నేను ఒక్కదాన్నే చేసుకుంటాను."

పిన్ని కునుకు ఎగిరిపోయింది. భర్త ఒక చెప్పు వేసుకుని రెండోది చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అత్తగారు వెనక్కి తిరగలేదు. ఒక పువ్వు జారుతుంటే మళ్లీ సరిగ్గా పెట్టింది. వ్యాను మూడోసారి హారను కొట్టింది. జవాబు కోసం ఆగితే ప్రసారం తప్పుతుంది. ఆమె వెళ్లిపోయింది.

స్టూడియోలో గాజులు తీసి సొరుగులో పెట్టింది. ఇన్నేళ్లలో ఈ తేదీ కవరు ఆమె ఎన్నడూ విప్పి చదవలేదు. ఇవాళ పుట్టినవాళ్లలో పిల్లల కోసం చెక్కబొమ్మలు చేసిన ఒక వడ్రంగి, ఆకాశంలో కొత్త చుక్కని కనిపెట్టిన ఒక మాస్టారమ్మ ఉన్నారు. పోయినవాళ్లలో ఒక సేనాని, ఒక గాయకుడు. పుట్టినవాళ్ల దగ్గర నవ్వుమొహం దానంతటదే వచ్చింది. వేణువు వస్తున్నంతసేపూ ఇంట్లో ఏం జరుగుతోందోనన్న ఆలోచనే. వేణువు ఆగింది. అత్తగారి మాట గుర్తొచ్చి, పోయినవాళ్ల కోసం ఊపిరి నిండుగా తీసుకుంది. సేనానికీ, గాయకుడికీ ఒక్క అక్షరం తక్కువ కాకుండా ఇచ్చింది.

"ఇవాళ ఎవరినీ తొందరపెట్టలేదు నువ్వు," అన్నాడు సౌండన్నయ్య.

వ్యానులో వెనక్కి వస్తుంటే, బడి మలుపు దగ్గర గంట వినపడింది. రోజూ వినపడే గంట కాదు. రోజూ బంట్రోతు కొడితే టంగు టంగుమని తూచినట్టు కొట్టి ఆపేస్తాడు. ఇది ఆగకుండా, వరస లేకుండా, కొడుతున్నవాళ్లకి చెయ్యి నొప్పి పుట్టేదాకా మోగుతోంది.

"ఆపండి, ఇక్కడే దిగిపోతాను," అంది.

గేటు లోపల గంట స్తంభం కింద చిట్టి రెండు చేతులతో తాడు పట్టుకుని వేలాడుతోంది. ఒంటిమీద పసుపుపచ్చ గౌను. గుండీలు లేవు, కాజాలు లేవు, వీపున పైనుంచి కిందిదాకా పిన్నీసులు. పక్కన హెడ్మాస్టరమ్మ చేతులు కట్టుకుని నిలబడి ఉంది, వాదించి ఓడిపోయిన మొహంతో. ఆవిడకి ఎదురుగా అత్తగారు.

కోడల్ని చూసి అత్తగారు నాలుగడుగులు ఇటు వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

"ఆ మాట అనడానికి ఇన్నేళ్లు పట్టిందా నీకు?"

ఆమెకి అర్థం కాలేదు.

"నా పెద్దాడు పోయిన రోజు కలిసిరాని రోజని, నీ పిల్లకి దాని నీడ పడకూడదని పక్కకి తప్పించుకున్నావని అనుకున్నాను. తల్లివి, తప్పులేదు అనుకున్నాను. కానీ ఏటా గౌను కుడుతున్నప్పుడల్లా గుచ్చుకునేది. వాడంటే అంత చెడ్డా అని."

"నేనా? అత్తయ్యా, నేను మార్చలేదు. మీరే మార్పించారనుకున్నాను. మీ ప్రాణం ఒప్పుకోదని."

"నా ప్రాణమా?" అత్తగారు ఆమెని తేరిపార చూసింది. "నువ్వు కాన్పు మత్తులో ఉన్నావు, నీకు తెలీదు. పెద్దాడు పోయిందీ ఆ ఆసుపత్రిలోనే, ఆ రోజు లిఫ్టు కూడా పాడైంది. పొద్దున వాణ్ణి పంపించి ఇంటికి పోలేదు నేను. కింద మెట్లమీదే కూర్చున్నాను. సాయంత్రం పిల్ల పుట్టిందంటే ఆ మెట్లెక్కి పైకొచ్చాను. మొదట ఎత్తుకున్నది నేనే. పొద్దున వాడి చెయ్యి వదిలిన చేతులు, ఇక ఎందుకూ పనికిరావనుకున్న చేతులు. దీన్ని పెడితే మళ్లీ కదిలాయి. ఆ రోజుని నేనెందుకు మార్చమంటాను?"

గంట ఆగిపోయింది. చిట్టి అరచేతులు ఊదుకుంటోంది. ఆమె ఏడ్చేసింది. బడి గేటు దగ్గర, అందరూ చూస్తుండగా. అత్తగారు కొంగుతో ఆమె మొహం తుడిచింది, చిన్నపిల్లకి తుడిచినట్టే, కొంచెం మోటుగా.

"మరి ఎవరు మార్చారు?" అంది ఆమె కాసేపటికి.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరికీ ఒకేసారి తట్టింది.

ఇంటికి వెళ్లేసరికి ఆయన పనికి పోలేదు. రెండో చెప్పు ఇంకా చేతిలోనే ఉంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడగకముందే మొదలుపెట్టాడు. "ఆసుపత్రిలో పుట్టిన తేదీ రాయమన్నారు. అదే బల్లమీద పొద్దున అన్నయ్యది రాశాను. మళ్లీ అదే తేదీ రాయడానికి చెయ్యి రాలేదమ్మా. మర్నాటిది రాసేశాను. తర్వాత మీరిద్దరూ ఎవరూ ఏమీ అనలేదు. మీకూ అదే కావాలేమోననుకున్నాను."

పిన్ని కూడా నోరు మూసుకుంది. అది ఆ ఇంట్లో ఎన్నడూ జరగలేదు.

అత్తగారు తిడుతుందనుకున్నారు. "నువ్వు బాగుచేసిన లిఫ్టు అంతస్తుకి రెండు వేళ్లు పైన ఆగితే ఊరుకుంటావా?" అంది.

"ఊరుకోను."

"మరి? పోయి సరిచేసుకురా. బళ్లోనూ, ఆ ఆఫీసులోనూ. ఆ చెప్పు వేసుకుని వెళ్లు."

ఆయన వెళ్లాడు. వెళ్లేముందు ఫొటో దగ్గర ఆగి, అన్నయ్య మొహం చూసి, చేతి వెనక భాగంతో కళ్లు తుడుచుకున్నాడు. ఇంత కాలంగా ఆయన ఒక్కడే ఆ రోజుని మోస్తున్నాడని ఆమెకి అప్పుడు తెలిసింది. కోపం మిగిలి ఉండవలసింది, వెతికితే దొరకలేదు.

మధ్యాహ్నం భోజనాలు బావగారి పేరనే జరిగాయి. ఆయన కబుర్లు చెప్పుకున్నారు. పిన్ని ఒకటి చెప్పి నవ్వింది, వెంటనే నోరు మూసుకోబోయి, అక్క నవ్వడం చూసి మళ్లీ నవ్వింది. సాయంత్రం చిట్టి బడినుంచి వచ్చాక అదే బల్లమీద కొవ్వొత్తులు వెలిగించారు. చిట్టి పాట పాడింది, మొదట చిన్నగా, పిన్ని వైపు ఒకసారి చూసుకుని తర్వాత పూర్తి గొంతుతో. రేపు కూడా చాక్లెట్లు ఉంటాయా అని అడిగితే, ఇన్నేళ్ల అలవాటు ఒక్కరోజులో పోదులే అన్నాడు వాళ్ల నాన్న.

దీపాలు పెట్టాక అత్తగారు సూది, దారం తీసుకుని కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. చిట్టిని ముందు నిలబెట్టి, గౌను ఒంటిమీద ఉండగానే ఒక్కొక్క పిన్నీసు తీస్తూ, ఆ చోట కాజా కుట్టడం మొదలుపెట్టింది. చిట్టి ఫొటోకి ఎదురుగా నిలబడింది. నవ్వబోతున్న పెదనాన్న ఆ పిల్లనే చూస్తున్నట్టున్నాడు.

"నానమ్మా, ఇది పెదనాన్న రోజు కూడానా?"

"ఆఁ."

"మరి మేం దెబ్బలాడుకోమా?"

అత్తగారు దారం పంటితో కొరికింది. "వాడు పొద్దున్నే లేచి వెళ్లిపోయాడు. సాయంత్రానికి చోటు నీకు ఖాళీ చేసిపెట్టే వెళ్లాడు. దెబ్బలాట దేనికి? కదలకు, సూది గుచ్చుకుంటుంది."

చిట్టి కదలకుండా నిలబడింది. ఆమె దీపం కాస్త దగ్గరికి జరిపి, కింద పడ్డ పిన్నీసులు ఏరి డబ్బాలో వేసింది.